వేపమండ చూసి వెనక్కి తిరిగిన రోజు

పోయిన నెల కొత్తగా ఏఎన్ఎంలుగా చేరిన ఇద్దరు అమ్మాయిలు ఆదోనిలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. నా పేరు ఎవరు చెప్పారో తెలియదు. "మేడం, ఊర్లలో పని ఎట్లుంటాదో చెప్పండి" అని అడిగారు. టీ ఇచ్చాను. ఎండకు గొడుగు పెట్టుకోమన్నాను, నీళ్ళ సీసా మరిచిపోవద్దన్నాను, ఏ ఊరికి ఏ బస్సు సులువో చెప్పాను. వాళ్ళు సంతోషంగా వెళ్ళిపోయారు. వాళ్ళు గేటు దాటాక నా మీద నాకే విసుగొచ్చింది. ముప్పై మూడేళ్ళు గర్భిణుల ఇళ్ళ చుట్టూ తిరిగిన మనిషిని, చెప్పాల్సిన మాట కడుపులోనే పెట్టుకుని గొడుగు గురించి ఉపన్యాసం ఇచ్చాను.

అందుకే ఇది రాస్తున్నాను. ఏ సంవత్సరం ఎక్కడికి బదిలీ అయ్యానో, ఏ రిజిస్టరు ఎలా నింపాలో ఇందులో ఉండదు. అవి మీకు పైవాళ్ళు కావలసినంత నేర్పుతారు. గర్భంలో ఉన్న బిడ్డకు వైరస్ ఏం చేస్తుందో కూడా మీరు పుస్తకంలో చదివే ఉంటారు. నేనూ చదివాను. చదివి కూడా ఒక ఇంటి ముందు ఏం చేశానో చెప్పడమే నా ఉద్దేశం.

చెప్పులు

నా మొదటి ఉద్యోగం గోనెగండ్ల దగ్గర. చేరిన ఏడాదిలోనే ఒక ఇంట్లోకి చెప్పులతో వెళ్ళాను. గుమ్మానికి వేపమండ కట్టి ఉంది. నేను తల వంచుకుని, సంచిలో ఇనుము మాత్రలు వెతుక్కుంటూ వెళ్ళినదాన్ని, దాన్ని చూడలేదు. లోపల ఒక పిల్లకు ఒళ్ళంతా పొక్కులు. ముసలామె చీపురు పట్టుకుని నన్ను వీధి చివరి దాకా తరిమింది. "మా అమ్మంటే నీకు లెక్కలేదా? నీ దేవుడు నీకుంటే మా అమ్మ మాకు లేదా?" అని అరిచింది. నేను చర్చికి వెళ్ళేదాన్నని ఊరందరికీ తెలుసు. ఆ మాటకు నాకు తల కొట్టేసినట్టయింది.

మీలో పట్నంలో పెరిగినవాళ్ళ కోసం చెప్తున్నాను. మా వైపు ఊర్లలో జ్వరంతో పాటు ఒంటిమీద ఏది లేచినా అది జబ్బు కాదు, అమ్మ వచ్చినట్టు. తట్టయినా, ఆటలమ్మయినా అంతే. గుమ్మానికి వేపమండ కడతారు. బయటివాళ్ళు లోపలికి రాకూడదు. ఇంట్లో మాంసం వండరు, తాలింపు వేయరు, నూనె మరిగిన వాసన అమ్మకు పడదంటారు. మందు మాట ఎత్తరు. మా అమ్మ ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళేది, అయినా మాకు ఆటలమ్మ పోసినప్పుడు వేపాకు పరిచే పడుకోబెట్టింది. కాబట్టి నాకు ఆ పద్ధతి కొత్తేమీ కాదు.

చీపురు దెబ్బ తప్పించుకున్న ఆ రోజు నుంచి నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. వేపమండ కనిపిస్తే గుమ్మం తొక్కను, వీధిలో నుంచే పలకరించి పదిహేను రోజులకు మళ్ళీ వస్తాను. ఊర్లవాళ్ళు నన్ను మెచ్చుకున్నారు. "ఈ నర్సమ్మ మన మర్యాద తెలిసిన మనిషి" అనేవాళ్ళు. ఆ మాట విని పొంగిపోయేదాన్ని. నిజం చెప్పాలంటే అది సుఖమైన నియమం కూడా. ఎండలో ఒక ఇల్లు తగ్గేది.

వీధిలో నుంచి చెప్పిన మాట

పన్నెండేళ్ళ కిందట నా పని కోసిగికి అవతల ఒక ఊర్లో. ఊరి పేరు వద్దు. వానలు లేకపోతే సగం ఊరు తాళాలు వేసుకుని గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్ళిపోతుంది. ఆ ఏడూ అంతే. ఈరన్న అనే కుర్రాడు, అతని అక్కాబావలు కోతలకు పోయారు. అక్క కొడుకు నాలుగేళ్ళవాడు, వాణ్ణి చూసుకోవడానికి ఈరన్న తల్లి నరసమ్మ కూడా వెంట వెళ్ళింది. ఇంట్లో మిగిలింది ఈరన్న భార్య ఉరుకుందమ్మ ఒక్కతే. ఆమెకు పంతొమ్మిదేళ్ళు, మొదటి చూలు, రెండో నెల నడుస్తోంది. వేవిళ్ళు ఎక్కువగా ఉన్నాయని మిరప చేలకు తీసుకుపోలేదు.

ఉరుకుందమ్మ పేరు రాసుకుందామని నేను వెళ్ళిన పొద్దున్నే నరసమ్మ మనవణ్ణి తీసుకుని గుంటూరు నుంచి దిగింది. కోతల దగ్గర గుడిసెల్లో చాలామంది పిల్లలకు ఒంటిమీద లేచిందట. వీడికి ముందురోజు లేచింది. నేను వీధి మలుపు తిరిగేసరికి నరసమ్మ గుమ్మానికి వేపమండ కడుతోంది. ఆమె వెనక చీకట్లో పిల్లవాణ్ణి ఒళ్ళో వేసుకుని ఉరుకుందమ్మ కూర్చుని ఉంది.

నేను చెప్పులు విప్పి వీధిలోనే నిలబడ్డాను.

"ఏమి నరసమ్మా, అప్పుడే వచ్చినావు?"

"పిల్లోనికి అమ్మ సూసింది నర్సమ్మా. సెమటకాయల మాదిరి సన్నగా, ఎర్రగా పోసింది. జొరం గూడా ఎక్కువ లేదు. ఇంటికి తెచ్చేసినా."

"కోడలు ఎట్లుంది?"

"అదేముంది, కక్కుకుంటాంది. పిల్లోడు దాన్ని ఇడ్సడంల్యా."

ఉరుకుందమ్మ లోపలి నుంచి నన్ను చూసి నవ్వింది. నేను కూడా నవ్వి, "పిల్లోన్ని బాగా చూసుకో పాపా, నేను పదైదు దినాలకు వస్తా" అన్నాను. అని వెనక్కి తిరిగాను. ఇంకో మూడు ఇళ్ళు చూసుకుని బస్సెక్కాను. ఆ రోజు నాకు ఏ అనుమానమూ రాలేదు. ఆ మాట గుర్తుంచుకోవలసిన మాట అని కూడా అనుకోలేదు.

పదిహేను రోజులకు కాదు, ఇరవై రోజులకు వెళ్ళాను. వేపమండ ఇంకా ఉంది, కొత్తగా కోసినది. ఈసారి అమ్మ ఉరుకుందమ్మను చూసింది. మూడు రోజుల్లో తగ్గిపోయిందని, రేపోమాపో నీళ్ళు పోస్తామని నరసమ్మ వీధిలోకి వచ్చి చెప్పింది. నేను మళ్ళీ వెనక్కి తిరిగాను. తరువాతి నెలల్లో ఉరుకుందమ్మ బాగానే ఉంది. రక్తం, బీపీ, బరువు అన్నీ చూశాను. ఆమె ఒంటి మీద మూడు రోజులు ఉండి పోయినదాని గురించి ఒక్కసారి కూడా అడగలేదు.

డబ్బా మూత

ఆదోనిలో కాన్పయింది. ఆడపిల్ల, బరువు తక్కువ. అమ్మ చల్లగా చూడాలని ఊరి అమ్మవారు సుంకులమ్మ పేరే పెట్టారు. నెలన్నర టీకాకు బడి వరండాలో బిడ్డను నా చేతికి ఇచ్చారు. ఎండ మొహాన పడినా కళ్ళు చిట్లించలేదు. చూస్తే రెండు కళ్ళలోనూ నల్లగుడ్డు నడుమ పాలచుక్క పడినట్టు తెల్లగా ఉంది. అదే సమయానికి మా ఆశా కార్యకర్త వ్యాక్సిన్ డబ్బా మూత కింద పడేసింది. వరండా అంతా మోగింది. పక్కనున్న ముగ్గురు పిల్లలు ఉలిక్కిపడి ఏడుపు లంకించుకున్నారు. నా చేతిలో బిడ్డ కదల్లేదు.

కళ్ళు తెల్లన, వినికిడి లేదు, బరువు తక్కువ. పుస్తకంలో పేజీ మొత్తం ఒక్కసారిగా గుర్తొచ్చింది. పిల్లవాడికి సన్నగా ఎర్రగా పోసిన అమ్మ ఏమిటో అప్పుడు తెలిసింది. అది రుబెల్లా. పిల్లలకు అది మూడు రోజుల ముచ్చట. కడుపుతో ఉన్నదానికి కూడా పెద్దగా బాధ తెలియదు. మొదటి మూడు నెలల్లో సోకితే లోపలి బిడ్డకు కళ్ళు, చెవులు, గుండె, ఏది దొరికితే దాన్ని పట్టుకుంటుంది. సోకిన తరువాత దానికి మందు లేదు. ముందు టీకా వేసుకుని ఉండాలి, లేదా ఆ పిల్లవాడికి దూరంగా ఉండాలి. ఉరుకుందమ్మ చిన్నప్పుడు ఆ టీకా మన ఊర్లలో ఎవరికీ లేదు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ పిల్లవాడు ఇంటికి వచ్చిన పొద్దున్నే నేను వెళ్ళాను. అంతకు ముందు ఆమె వాడి దగ్గర లేదు. ఆమె పుట్టిల్లు గంట ప్రయాణం. ఆ పూటే ఆమెను పంపించి ఉంటే సోకకపోయేదేమో. కచ్చితంగా అని ఎవరూ చెప్పలేరు. కానీ నేను పంపించలేదు. బాగా చూసుకోమన్నాను.

బిడ్డను కర్నూలుకు నేనే వెంటబెట్టుకుని వెళ్ళాను, తల్లీ అత్తా కూడా వచ్చారు. రక్తపరీక్ష అయ్యాక అక్కడి డాక్టరు ఉరుకుందమ్మను అడిగాడు.

"కడుపుతో ఉండగా జ్వరం, ఒంటిమీద దద్దుర్లు వచ్చాయా?"

"అమ్మ సూసింది సార్. మూడో నెల్లో."

"అదేనమ్మా. అప్పుడొచ్చిన వైరసే బిడ్డకు తగిలింది."

ఆయనకు ఇంకా ముప్పైమంది బయట ఉన్నారు. చెప్పింది నిజమే, కానీ ఆ నిజం నరసమ్మ చెవికి వేరేగా చేరింది. తిరుగు బస్సులో కోడలి వైపు చూడకుండా కిటికీలోకి చూస్తూ మొదలుపెట్టింది.

"డాక్టరు గూడా అదే సెప్పినాడు గదా. అమ్మ ఇంట్లో ఉన్నప్పుడే ఇది తాలింపేసి ఉగ్గాని సేసుకొని తినింది. నాకు ఈదిలోకే వాసనొచ్చింది. అమ్మ ఊరికే పోతుందా? బిడ్డ కండ్లు తీసుకొని పోయింది."

వేవిళ్ళలో నోరు చేదై, రెండు రోజులు ఏమీ దిగక, ఆ పిల్ల ఒక చెంచా నూనెలో నాలుగు ఎండుమిరపకాయలు వేయించుకుని, నానిన మరమరాలు కలిపి ఉగ్గాని చేసుకుందట. ఉరుకుందమ్మ బిడ్డను ఒళ్ళో అలాగే పెట్టుకుని, తల వంచుకుని వింది. నేను వాళ్ళ వెనక సీట్లోనే ఉన్నాను. "కాదు నరసమ్మా" అనడానికి నోరు తెరిచాను. తెరిచి, దగ్గి ఊరుకున్నాను.

మూడు ప్రశ్నలు

మా ఆరోగ్య కేంద్రంలో అప్పుడు ఉన్న డాక్టరు అనంతపురం వైపు మనిషి, రిటైరు కావడానికి దగ్గర పడినవాడు. గొంతు ఎప్పుడూ పెంచేవాడు కాదు. కర్నూలు సంగతి చెప్పాక నన్ను మూడే అడిగాడు.

"ఆ ఇంటికి మీరు ఎప్పుడు పోయినారమ్మా?"

చెప్పాను.

"లోపలికి పోయినారా?"

లేదన్నాను.

"ఆ అమ్మాయికి ఏం చెప్పి వచ్చినారు?"

అదీ చెప్పాను. ఆయన కలానికి మూత పెట్టి, "వైరస్ సంగతి నేను వచ్చి చెప్తాను. మిగిలింది మీరే చెప్పాల" అన్నాడు. అని తరువాతి రోగిని పిలిచాడు. తిట్టి ఉంటే బాగుండేదని నాకు అనిపించింది.

ఆయన ఒకసారి వెళ్ళి చెప్పి వచ్చాడు. నరసమ్మ చేతులు కట్టుకుని విని, "పెద్దోళ్ళు, మీరు సెప్తే కాదంటామా" అని మజ్జిగ ఇచ్చి పంపింది. ఒక్క అక్షరం నమ్మలేదు.

నేను మాత్రం నాలుగు నెలలు ఆ మాట దాటవేశాను. బిడ్డను ఆపరేషన్‌కు తీసుకువెళ్ళాను, కళ్ళద్దాలు ఇప్పించాను, చెవి పరీక్షకు తిప్పాను. ఏడాది దాకా ఆ బిడ్డ నుంచి కూడా వైరస్ అంటుకునే వీలుందని, ఊర్లో కడుపుతో ఉన్నవాళ్ళను దగ్గరికి రానివ్వొద్దని జాగ్రత్తలు చెప్పాను. ఉరుకుందమ్మ కోసం అన్నీ చేశాను, ఆ ఒక్క మాట చెప్పడం తప్ప. చెబితే ఊర్లో నన్ను గుమ్మం ఎక్కనివ్వరని భయం. పైకి ఫిర్యాదు పోతుందని భయం. మా అమ్మాయి అప్పుడే డిగ్రీలో చేరింది. ఇలాంటి కారణాలు మనిషికి ఎన్నైనా దొరుకుతాయి.

ఎమ్మిగనూరు

కథ మధ్యలో ఆపి తరువాతి సంగతి ఒకటి ముందే చెప్తాను, ఎందుకంటే మీకు పనికొచ్చేది ఇదే. ఇదంతా జరిగిన మూడేళ్ళకు ఎమ్మిగనూరులో ఒక మగ్గం నేసే ఇంటి ముందు వేపమండ కనిపించింది. లోపల తొమ్మిది నెలలు నిండిన ఆడమనిషి ఉంది. ఆమెకే ఆటలమ్మ పోసింది. కాన్పు దగ్గర పడినప్పుడు తల్లికి అది వస్తే పుట్టే బిడ్డ ప్రాణానికి ముప్పు. తల్లికీ ఊపిరితిత్తులకు పాకవచ్చు.

చెప్పులు వీధిలోనే వదిలాను. ఇంటి పెద్దామెను పిలిచి, "అమ్మా, కాళ్ళు కడుక్కోని వస్తాను. ఒక చెంబెడు వేపనీళ్ళు పొయ్యి" అన్నాను. ఆమె తెల్లబోయింది. వెళ్ళి తెచ్చింది. కాళ్ళూ చేతులూ కడుక్కుని, కొంగు నెత్తిన వేసుకుని లోపలికి వెళ్ళి, ముందు ఆ వేపాకుల పక్కన కూర్చున్నాను. నాకు చిన్నప్పుడే ఆటలమ్మ వచ్చి పోయింది కాబట్టి నాకు భయం లేదు. మీకు రాకపోయి ఉంటే, కడుపుతో ఉంటే, మీరు వెళ్ళకండి, వేరేవాళ్ళను పంపండి. "అమ్మకు నేను అడ్డం రాను. అమ్మ తల్లిని సూసింది, సరే. బిడ్డనేమో డాక్టర్లను సూడనీయండి" అన్నాను. పెద్దామె "ఇట్ల సెప్పేవాళ్ళు మాకెవరున్నారు తల్లీ" అంది. అదే పూట అంబులెన్సులో కర్నూలుకు పంపించాం. తల్లికి మందులు మొదలుపెట్టారు. రెండో రోజు బిడ్డ పుట్టింది. పుట్టిన వెంటనే దానికి రక్షణ ఇంజెక్షన్ ఇచ్చారు. ఒంటిమీద నాలుగు పొక్కులు లేచి తగ్గిపోయాయి.

మర్యాద ఇవ్వాలి. గుమ్మం దాటడానికి ఇవ్వాలి, దాటకుండా తప్పించుకోవడానికి కాదు. ఈ తెలివి నాకు ఎమ్మిగనూరులో రాలేదు. అంతకు మూడేళ్ళ ముందు నరసమ్మ ఇంట్లో వచ్చింది.

చెప్పిన రోజు

సుంకులమ్మకు ఏడో నెల నడుస్తుండగా ఉరుకుందమ్మను పుట్టింటికి పంపేశారని ఆశా చెప్పింది. బిడ్డను, బట్టల మూటను ఇచ్చి బస్సెక్కించారట. అమ్మకు ఎదురు తిరిగినదాన్ని ఇంట్లో పెట్టుకుంటే ఇంకా ఏమేమి జరుగుతుందోనని నరసమ్మ భయం. ఈరన్నకు వేరే సంబంధం చూస్తున్నారని కూడా ఊర్లో అనుకుంటున్నారు. ఈరన్న తల్లికి ఎదురు చెప్పే రకం కాదు.

మరుసటి రోజు పొద్దున్నే మొదటి బస్సుకు వెళ్ళాను. నరసమ్మ గడప ముందు జొన్నలు చెరుగుతోంది. ఈరన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను నేల మీద ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"నరసమ్మా, కోడలు తాలింపేసినందుకు బిడ్డకు ఇట్లా కాలేదు. మనవడి ఒంటిమీద ఉండింది చూడు, అది కోడలికి అంటుకొని, దాని నుంచి బిడ్డకు పోయింది. ఆ దినం నేను ఈడికే వచ్చినా. ఆమె వాని దగ్గర ఉండకూడదని నాకు తెలిసుండాల. చదువుకున్నదాన్ని. లోపలికి రాకుండా, బాగా చూసుకో అని చెప్పి పోయినా. తప్పు నాది. ఆ పిల్లది కాదు."

చేట ఆగిపోయింది. ఈరన్న లేచి నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా కాదనేదాన్ని కాదు.

నరసమ్మ నా మొహంలోకి చూడలేదు. జొన్నల్లోకి చూస్తూ అడిగింది.

"ఉగ్గాని తిన్నందుకు కాదంటావా?"

"కాదు."

"పిల్లోని వల్లనే అంటావా?"

"వాడేమి చేస్తాడు, పసివాడు. వాని దగ్గర ఆమె ఉన్నందుకు."

"వాన్ని దాని ఒళ్ళో ఏసింది నేను గదా నర్సమ్మా. అది కక్కుకుంటాన్నా, అత్తా నాకు సేతగాదు అంటాన్నా, ఇనకుండా ఏసినా."

ఆమె చేట పక్కన పెట్టి కొంగు నోట్లో కుక్కుకుంది. ఇన్నాళ్ళు ఆ సంగతి ఆమెకు లోపల ఎక్కడో తెలుసునేమో, దాన్ని చూడలేకనే ఆ చెంచా నూనెను పట్టుకుని ఉందేమో. నేను అడగలేదు. ఈరన్న చొక్కా తగిలించుకుని, "పోదాం పదమ్మా" అన్నాడు. తల్లి ముందు అతను నోరు విప్పడం నేను చూసింది అదొక్కసారే.

ముగ్గురం మధ్యాహ్నానికి ఉరుకుందమ్మ పుట్టింటికి చేరాం. ఆమె వాకిట్లో బట్టలు ఉతుకుతోంది. బిడ్డ దూరంగా గోడ నీడలో గోనెపట్టా మీద పడుకుని ఉంది, దగ్గర ఎవరూ లేరు. నేను ఆమెకు కూడా అంతా చెప్పాను, వాళ్ళిద్దరి ముందే. నరసమ్మ తన మాట తను చెప్పింది.

ఉరుకుందమ్మ చేతి నుంచి సబ్బు నురగ కారుతూనే ఉంది.

"నర్సమ్మా, నేను తాలింపు ఏసినందుకు కాదా?"

"కాదు పాపా."

"నిజంగా కాదా?"

"కాదు. నా మీద ఒట్టు."

ఆమె నన్ను తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు, ఇంతవరకూ అనలేదు. చేతులు చీరకు తుడుచుకుని బిడ్డ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఎత్తుకుని మొహం దగ్గరగా పెట్టుకుంది.

"దీని కండ్లలోకి సూడాలంటే భయమయ్యేది నర్సమ్మా. నేనే తీసినా అనుకొని. పాలిచ్చేటప్పుడు గూడా పక్కకు తిరుక్కునేదాన్ని."

ఆ లావు కళ్ళద్దాల వెనక నుంచి బిడ్డ కాసేపు వెతికింది. తరువాత చెయ్యి చాపి తల్లి ముక్కు పట్టుకుంది. నేను బస్సులో నోరు విప్పి ఉంటే ఆ నాలుగు నెలలూ వాళ్ళిద్దరికీ ఉండేవి.